టమోటా ఆట కట్టినవారికి జేజేలు

పాచిక పాలెంత, పనితనం పాలెంత? ఆటలు కట్టేవాళ్ళకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. అంతా పాచికే నడిపిస్తే ఆడేవాడు “ఇక్కడ నాతో పనేముంది?” అని లేచిపోతాడు. అంతా పనితనమే నడిపిస్తే ఆరితేరినవాడే రోజూ గెలుస్తాడు, కొత్తవాడు దరిదాపులకు రాడు. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి అమెరికాలో, జపానులో, చైనాలో వేలమంది ఇంజినీర్లు జీతాలు తీసుకుని బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. పాపం, వాళ్ళలో ఒక్కడైనా మదనపల్లెలో బస్సెక్కి నిమ్మనపల్లెలో దిగి ఉంటే అంత శ్రమ తప్పేది. ఇక్కడ ఆ కొలత ఎప్పుడో కుదిరిపోయింది. ఆట పేరు టమోటా.

ఇంత గొప్ప ఆట కట్టినవారు ఎక్కడా సంతకం పెట్టలేదు. రాజధానులలో కొందరు, మార్కెట్ యార్డులలో కొందరు, ఏ కుర్చీలోనూ దొరకని వారు మరికొందరు. అంతటి నిగర్వులను పేరుపెట్టి పొగిడితే నొచ్చుకుంటారు. కనుక ఈ జేజేలు పేర్లు లేకుండానే పంపుతున్నాను. చేరవలసినవారికి చేరతాయి.

అయ్యా, ముందుగా మీ ధైర్యానికి దండం. పరాయి దేశపు ఆటలవాళ్ళు ఎంత పిరికివాళ్ళో మీకు తెలియదు. టెట్రిస్ అనే ఆట ఉంది. పైనుంచి ఏడు రకాల ముక్కలు పడుతుంటాయి. ఏది ఎప్పుడు పడుతుందో పూర్తిగా అదృష్టానికి వదిలేస్తే కావలసిన ముక్క ఎంతకూ రాక ఆటగాడు ఏడుస్తాడని, ఇప్పటి టెట్రిస్‌లో ఏడింటినీ ఒక సంచిలో వేసి కలిపి, అవన్నీ అయ్యాకే మళ్ళీ సంచి నింపుతారు. అందువల్ల పొడుగు ముక్క కోసం ఎంత చూసినా మధ్యలో పన్నెండు ముక్కలకు మించి పడవు. ఏం మనుషులండీ! అదృష్టాన్ని సంచిలో కట్టి తూకం వేసి పోస్తారా?

2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ మూడో ఆటలో ఇంకో జాలి. నూటికి పాతిక వంతులు తగులుతుందని చెప్పిన దెబ్బ, మొదటిసారి నిజానికి నూటికి ఎనిమిదిన్నర వంతులే తగులుతుంది. తప్పిన ప్రతిసారీ ఆ వంతు పెరుగుతూ పోతుంది. వరుసగా ఓడినవాడికి గెలుపు దగ్గరపడుతుందన్నమాట. సివిలైజేషన్ ఆటలు కట్టిన సిడ్ మైయర్ 2010లో ఒక పెద్ద సభలో దాచకుండా ఒప్పుకున్నాడు: మూడుకు ఒకటిగా తమదే పైచేయి అని లెక్క చూపించాక కూడా ఓడిపోతే ఆటగాళ్ళు తట్టుకోలేకపోతున్నారని, లోపల లెక్కను వాళ్ళవైపు కాస్త ఒరిగించామని. చివరికి డబ్బు గుంజడానికే పుట్టిందని పేరుపడ్డ గెన్షిన్ ఇంపాక్ట్‌లో సైతం అరుదైన బొమ్మ పడే వంతు నూటికి ఒకటి కూడా లేదు గానీ, తొంభయ్యోసారికి మాత్రం కచ్చితంగా ఇచ్చి తీరతారు. పిల్లల జేబులు కొట్టేవాడికే ఇంత దయ అయితే ఆటలు బాగుపడేదెట్లా?

మీరు అలాంటి దయాదాక్షిణ్యాలతో ఆటను పలచన చేయలేదు. నిమ్మనపల్లెలో వరుసగా నాలుగు పంటలు పోగొట్టుకున్నవాడికి ఐదో పంటలో ధర వచ్చే వంతు ఎంత? మొదటి పంటకు ఎంతో అంతే. తొంభయ్యో పంటకూ అంతే. రూలు అంటే రూలు.

మన పాతకాలం వాళ్ళు కూడా మీ ముందు దిగదుడుపే. వైకుంఠపాళి గీసినవాళ్ళు పాములను పటం మీదే, అందరికీ కనబడేట్టు గీశారు. ఏ గడిలో ఏ పాము నోరు తెరుచుకుని ఉందో, దాని తోక ఎక్కడ దింపుతుందో పిల్లవాడికి కూడా తెలుసు. గవ్వలు వేసేటప్పుడే గుండె దడదడలాడేది అందుకే. మీ పటంలో పాములు లేవు, నిచ్చెనలూ లేవు. గడి మీద కాలు పెట్టాకే అది పామో నిచ్చెనో తేలుతుంది. పటం మాత్రం భలే ఎంచుకున్నారు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న చల్లటి నేల. మిగతా చోట్ల ఎండలకు పూత రాలిపోయే కాలంలో ఇక్కడ కాయ నిలుస్తుంది. అందుకే మదనపల్లె మార్కెట్‌కు సీజన్‌లో రోజుకు వెయ్యి టన్నుల పైమాటగా సరుకు దిగుతుంది. దేవుడిచ్చిన నిచ్చెన ఒకటి ఉంది కదా అని మీరు ఊరుకోలేదు. దాని చివర ఏముందో కనబడకుండా గుడ్డ కప్పారు.

ఇక ఆటలో మెట్లు చూద్దాం. మొదటి మెట్టు నీళ్ళు. బాహుదా ప్రాజెక్టు నిమ్మనపల్లె మండలంలోనే ఉంది, అయినా దాని సంగతి వాన దయ. మిగిలింది బోరు. పాయింటు పెట్టేవాడు వస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేను చుట్టూ నడుస్తాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. “ఇక్కడేనా, రెండించీలు పడతాది” అంటాడు. బండి వచ్చి రాత్రంతా తోడుతుంది. వందల అడుగులు దుమ్మే వస్తే ఆ రాత్రితో ఆట అయిపోయినట్టు కాదు, ఇంకో మూల ఇంకో కొబ్బరికాయ. ఆట మొదలుపెట్టడానికే లక్షలు పోయాలన్న నిబంధన ఎంత గంభీరంగా ఉంది! ఫోను ఆటలైతే వాటంతట అవే ఉచితంగా లోపలికి పిలుస్తాయి, చవకబారు.

రెండో మెట్టు పైరు. నారు తెచ్చి, డ్రిప్పు పరిచి, కట్టెలు పాతి, పురికొస లాగి, మందులు కొట్టి, ఎకరానికి లక్ష దాటిన పెట్టుబడి పెట్టి నిలబడాలి. పనితనమంతా ఇక్కడే. ఏ ఆకు మడత తెల్లదోమ తెచ్చిందో, ఏది ఎండ తెచ్చిందో నిమ్మనపల్లె రైతు సైకిలు మీద పోతూ చెబుతాడు. 2014లో మహారాష్ట్రలో తొలిసారి కనబడిన దక్షిణ అమెరికా పురుగు ఈ కొండల దాకా వచ్చి, సూది గుచ్చినట్టు కాయకు బెజ్జం పెడితే, దానికి ‘ఊజీ’ అని పేరు పెట్టుకుని దీపపు బుట్టలూ లింగాకర్షక బుట్టలూ కట్టడం నేర్చుకున్నాడు. నాటిన రెండు, రెండున్నర నెలలకు మొదటి కోత. అంతదాకా పాచిక కంటే పనితనానిదే పైచేయి. ఇదే మీ ప్రతిభ. ఆటగాడికి “నా చేతిలోనే ఉంది” అనిపించేదాకా అనిపించి, ఆ తర్వాత పెట్టెలు లారీకి ఎక్కిస్తారు.

మూడో మెట్టు మండీ. నీరుగట్టువారిపల్లె యార్డులో వరుసలు వరుసలుగా ప్లాస్టిక్ పెట్టెలు. వ్యాపారి ఒక పెట్టె ముందు ఆగుతాడు. పైన ఉన్న కాయ వదిలేసి చెయ్యి అడుగుకు పోనిచ్చి ఒకటి తీస్తాడు, బొటనవేలితో నొక్కుతాడు.

“మెత్తగుండాదే.”

“నిన్న సాయంత్రం కోసిండేది సామీ, గట్టి కాయ.”

ఆయన ఆ కాయను మళ్ళీ పెట్టెలో వేసి పక్క వరుసకు నడుస్తాడు. వెనకాల పాట పాడేవాడు అంకె పలుకుతాడు. మూడు నెలల ఆట ముగియడానికి పట్టిన సమయం అంతే. వద్దనుకుంటే సరుకు వెనక్కి తీసుకుపోవచ్చు, అది ఆటగాడి స్వేచ్ఛ. ఎక్కడికి? పుంగనూరుకో, ములకలచెరువుకో, సరిహద్దు దాటి కోలారుకో. అక్కడికి చేరేసరికి కాయ నిజంగానే మెత్తబడి ఉంటుంది. వ్యాపారి మాట ఎప్పుడూ అబద్ధం కాకుండా చూసే ఈ ఏర్పాటు కూడా మీదే కదా.

కిలో మూడు రూపాయలు పలికిన రోజున 25 కిలోల పెట్టెకు వచ్చేది 75. అందులోంచి కోత కూలి, బండి బాడుగ, పెట్టె అద్దె, హమాలీ, కమీషను పోవాలి. మిగిలింది ఇంటికి. మిగలకపోతే కాయను చేలోనే వదిలేసి మేకలను తోలడం ఆడటం కంటే లాభం. ఆడకుండా ఉండటమే మంచి ఎత్తు అయ్యే ఆట ప్రపంచంలో ఎన్ని ఉన్నాయి? పైగా ఈ ప్రాంతపు మండీలలో ‘జాక్‌పాట్’ అనే మాట ఒకటి పేపర్లకు ఎక్కి ఎన్నాళ్ళయిందో. జాక్‌పాట్ అంటే ఆడేవాడికి తగిలేదని పామరులు అనుకుంటారు. ఇక్కడ లాటులో కొన్ని పెట్టెలకు లెక్క కట్టకుండా కొనేవాడు తీసుకునేదాన్ని ఆ పేరుతో పిలుస్తారు. లాస్‌వేగాస్‌లో జూదశాల నడిపేవాడికి కూడా ఈ ఊహ తట్టలేదు: జాక్‌పాట్ రోజూ తగలాలి, తగిలేది మాత్రం కౌంటరు వెనకున్నవాడికి.

మరి ఇంత జరిగినా ఆడేవాళ్ళు ఎందుకు తగ్గరు? ఇక్కడే మీ పాండిత్యానికి నిజంగా జోహారు. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పావురాల మీద చేసిన ప్రయోగాలను 1957లో పెద్ద పుస్తకంగా అచ్చువేశారు. అందులో తేలిందేమిటంటే, ఎన్నో పోటుకు గింజ పడుతుందో తెలియనప్పుడే పావురం మీటను వదలకుండా పొడుస్తుందని. మీరు ఆ పుస్తకం చదివారో లేదో గానీ 2023 జూలై మాత్రం మాకిచ్చారు. ఆ నెలాఖరున మదనపల్లెలో మొదటి రకం కిలో 200 రూపాయల అంచుకు వెళ్ళింది. కోట్లు చూసిన రైతుల ఫోటోలు పేపర్లలో వచ్చాయి. ఆ గింజ పడిన చప్పుడు మండలమంతా వినబడింది. మడి చెక్క ఉన్న ప్రతివాడూ నారు కోసం పరిగెత్తాడు. అందరి పంటా ఒక్కసారే దిగింది. రెండు మూడు నెలలు తిరగకముందే కిలో పది రూపాయల లోపుకు పడింది.

దీన్ని తలరాత అంటారు మా ఊళ్ళలో. నికొలస్ కాల్డర్ అనే ఆర్థికవేత్త 1934లోనే దీనికి సాలెగూడు అని పేరు పెట్టాడు. నాటేది నిన్నటి ధర చూసి, అమ్మేది రేపటి ధరకు, మధ్యలో రెండున్నర నెలలు. పక్కవాడు ఎంత నాటాడో ఎవరికీ తెలియదు కాబట్టి ధర పెరిగినప్పుడు అందరూ దూకుతారు, పడినప్పుడు అందరూ తప్పుకుంటారు, తప్పుకోగానే మళ్ళీ పెరుగుతుంది. అంటే ఈ పాచికను విసిరేది దేవుడు కాదు. ఒకరి చెయ్యి ఒకరికి కనబడకుండా ఆటగాళ్ళ చేతనే విసిరిస్తున్నారు. ఆటలో అదృష్టం తయారు చేయడానికి ఇంత చవకైన యంత్రం ఇంకెక్కడా లేదు. ఒక్క గోడ కట్టారు, అంతే.

రెఫరీని కూడా మరిచిపోకూడదు. మారియో కార్ట్ అనే పందెపు ఆటలో ఒక నీలం చిప్ప ఉంటుంది. వెనకబడినవాళ్ళ చేతికి వచ్చి, అందరినీ దాటుకుపోయి, ముందున్నవాణ్ణే వెతుక్కుని కొడుతుంది. వెనకున్నవాళ్ళు దగ్గరవడానికి అది ఒక ఉపాయం. ఆ ఆటలో వెనకబడ్డవాడికి వేరే వరాలు కూడా దొరుకుతాయి. మీరు అనవసరమైనవి తీసేసి చిప్ప ఒక్కటే ఉంచారు. 2023 జూలైలో ధర ఎక్కగానే ప్రభుత్వ సంస్థలు ఇక్కడి మండీలకు వచ్చి కొని, ఢిల్లీలో కిలో 90కి, తర్వాత 80కి, తర్వాత 70కి అమ్మాయి. మన రైతు బజార్లలో 50కి ఇచ్చారు. ఆగస్టులో నేపాల్ నుంచి కూడా టమోటా తెప్పిస్తున్నామని పార్లమెంటులో చెప్పారు. తినేవాళ్ళ బాధ చూసి రోజుల్లో కదిలిన ఆ చురుకుదనం చూసి మురిసిపోయాం. పండించేవాడు పది లోపుకు జారినప్పుడు కూడా రెఫరీ వస్తాడు, కాకపోతే కమిటీతో, పంట చేలో కుళ్ళిన తర్వాత. కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల జాబితాలో టమోటా లేదు. ధరలు నిలకడగా ఉంచుతామని 2018 బడ్జెట్‌లో టమోటా, ఉల్లి, ఆలుగడ్డలకు 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. గుజ్జు ఫ్యాక్టరీ మాట ప్రతి ఎన్నికకూ పూస్తుంది. పూత బాగా వస్తుంది, కాయ నిలవదు. ఇది టమోటా ప్రాంతం కదా, అన్నిటికీ ఆ గుణం అంటుకుంది.

ఇక ఆటగాడి పురోగతి. ఫోను ఆటల్లో ఓడిపోయినా అనుభవం పాయింట్లు మిగులుతాయి, కత్తి మిగులుతుంది, చేరిన మెట్టు నుంచే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఓడినవాడు ఖాళీ చేతులతో పోకూడదని వాళ్ళ చాదస్తం. మన ఆటలోనూ ఓడినవాడు ఖాళీ చేతులతో పోడు. పోయినసారి మండీలో తీసుకున్న అడ్వాన్సు వెంట వస్తుంది, దానితో పాటు ఈసారి పంట కూడా ఆ మండీకే తోలాలన్న షరతు వస్తుంది. బ్యాంకులో పెట్టిన గాజుల చీటీ వస్తుంది. ఎరువుల అంగడి ఖాతా వస్తుంది. ఏ పంటకు ఆ పంట ఇవి పెరుగుతూనే ఉంటాయి, ఒక్కసారి కూడా తగ్గి మొదటికి రావు. ఇంత నమ్మకంగా దాచిపెట్టే ఆట ఇంకొకటి చూపించండి.

ఒక సందేహం మాత్రం తీర్చాలి. జూదమంటే మన చట్టాలకు మహా కోపం. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను ఆపేసింది. 2025 ఆగస్టులో దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. చింతచెట్టు కింద ముక్కలు వేసుకునే కుర్రాళ్ళను పోలీసులు తరుముతారు. మంచిదే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు పేకాట మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో సుప్రీంకోర్టు 1967లోనే ఒక గీటురాయి ఇచ్చింది. రమ్మీలో ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అందులో నేర్పుదే ముఖ్యపాత్ర. మూడు ముక్కలాట మాత్రం ఒట్టి అదృష్టం అని. ఆ గీటురాయి మీద టమోటాను గీసి చూడండి. పడిన ముక్కలు కనబడితే కదా గుర్తుపెట్టుకునేది! పక్క మండలంలో ఎన్ని ఎకరాలు పడిందో, కోలారులో ఎంత నారు నాటారో ఎవరికీ కనబడదు. రమ్మీ ఆడేవాడికి ఉన్న నేర్పు చూపించే వీలు కూడా రైతుకు లేకపోతే, చెట్టు కింద కుర్రాణ్ణి తరిమి, వాళ్ళ నాన్న లక్షలు ఒడ్డితే రైతే రాజు అనడం మీ పెద్దమనసు.

అందుకే మహానుభావులారా, ఈ ఆటను చెడగొట్టాలని తిరిగే కొందరి మాటలు మీ చెవిన పడకముందే విన్నవించుకుంటున్నాను. వాళ్ళు అడిగేవి చాలా చిన్నవి, అందుకే ప్రమాదం.

మొదటిది, నర్సరీల లెక్క. ఈ ప్రాంతంలో నారు పోయేది ఎక్కువగా నర్సరీల నుంచే. ఏ వారం ఎన్ని మొక్కలు అమ్ముడుపోయాయో వాళ్ళ పుస్తకాల్లో ఉంటుంది. ఈ వారం పోయిన నారే రెండున్నర నెలలకు మార్కెట్‌లో దిగే కాయ. ఆ అంకెలు కూడబెట్టి మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ప్రతి సోమవారం ఒక పలక మీద రాసిపెడితే చాలంటారు. టెట్రిస్‌లో తరువాత పడబోయే ముక్కను పక్కన చూపిస్తారే, అలాగన్నమాట. కానీ ఒక సుద్దముక్కతో మీ గోడ కూలిపోతుంది.

రెండోది, అడుగు ధర. కోత కూలి, బాడుగ గిట్టేటంత ధరకన్నా కిందికి పడితే ఆ తేడా కట్టండి అని. గెన్షిన్‌వాడి తొంభయ్యోసారి లాంటిదే. మీ స్థాయికి తగదు.

మూడోది, జాక్‌పాట్‌ను తీసేసి, పాటలో పలికిన ప్రతి పెట్టెకూ చీటీలో లెక్క చూపించమని. ఇది మరీ అన్యాయం. కౌంటరు వెనకున్నవాడికి ఆటలో ఆ మాత్రం సరదా కూడా ఉండకూడదా?

ఈ మూడూ ఒప్పుకున్నారనుకోండి, వాన ఎప్పట్లాగే వానే, ఊజీ ఊజీయే, బోరు బోరే. పాచిక ఎక్కడికీ పోదు. కానీ రైతు పలక చూసి, లెక్క వేసి, ఈసారి టమోటా వద్దు వేరుశనగ చాలు అనుకునే రోజు వస్తుంది. నాటినవాడు ఎంత పోవచ్చో ముందే తెలుసుకుని నాటుతాడు. అంత పని మాత్రం చేయకండి. అప్పుడిక దీన్ని ఎవరూ ఆట అనరు. వ్యవసాయం అనేస్తారు.